ఊరంతా చూసింది, సాక్షి ఒక్కడూ లేడు

(దళిత, దళితేతర యువకులు, ఉపాధ్యాయులు కలిసి కూచున్న శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "కలిసి బతికే సమాజం కోసం చూసేవారి బాధ్యత". పేరు చాలా మర్యాదగా ఉంది. విషయం అంత మర్యాదైంది కాదు, కాబట్టి నేనూ కాస్త కటువుగానే మాట్లాడతాను. ముందు వరసలో కూచున్న మాస్టార్లు ఏమీ అనుకోవద్దు.

ఏ దాడి జరిగినా అక్కడ మూడు రకాల మనుషులుంటారు. కొట్టేవాడు, దెబ్బలు తినేవాడు, చూసేవాడు. మన కరపత్రాల్లో, నిజనిర్ధారణ నివేదికల్లో మొదటి ఇద్దరి గురించీ రాసుకుంటాం. కొట్టినవాడి పేరు, ఇంటిపేరు, ఎన్నెకరాల ఆసామి, ఏ పార్టీలో తిరుగుతాడు, ఏ ఎమ్మెల్యేకి చుట్టం, అన్నీ రాస్తాం. తిన్నవాడి వయసు, కూలి, ఎన్ని కుట్లు పడ్డాయి, అదీ రాస్తాం. మూడోవాడి దగ్గరికొచ్చేసరికి "గ్రామస్తులు చూస్తుండగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ఒక్క ముక్క గురించే ఈవేళ మాట్లాడదాం.

లెక్క వేసి చూడండి. కొట్టేవాళ్లు పదిమందో, ఇరవై మందో. ఊరు మూడువేల గడప. మూడువేల గడపా దుర్మార్గమేనా? కాదు. అందులో చాకలివాళ్లున్నారు, మంగళివాళ్లున్నారు, గౌడలు, గొల్లలు, ముస్లింలు ఉన్నారు. రెండెకరాల కౌలు చేసుకునే చిన్న రైతులున్నారు. బడిపంతులున్నాడు, కిళ్లీకొట్టువాడున్నాడు. వీళ్లలో చాలామంది సాయంత్రం ఇంటికెళ్లి "పాపం, వాణ్ణి అలా కొట్టకుండా ఉండాల్సింది" అని పెళ్లాంతో అనేవాళ్లే. ఆ "పాపం" ఇంట్లో అంటారు. బజార్లో అనరు. కులం బజార్లో పనిచేస్తుంది, వీళ్ల జాలి ఇంట్లో పనిచేస్తుంది. ఆ రెండూ ఎప్పుడూ ఎదురుపడవు. అందుకనే పదిమంది మూడువేల గడపనీ ఏలుతున్నారు.

"నేనేం కొట్టలేదు గదండీ, నేను పక్కన నిలబడ్డానంతే" అంటారు. పెత్తందారు బజార్లో నిలబెట్టి ఎందుకు కొడతాడు? పొలంగట్టు మీద ఎవరూ లేనప్పుడు కొట్టొచ్చు గదా? చూడ్డానికి జనం ఉండాలి కాబట్టి. ఒకడికి తగిలిన దెబ్బ వందమందికి గుర్తుండాలి. చూసేవాళ్లు లేకపోతే ఆ దెబ్బకి విలువే లేదు. అంటే పక్కన నిలబడ్డవాడు పక్కన లేడు. వాడు ఆ పనిలో సగం. తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. ఈ పాపంలో చూసినవాడి పిడికిలి చిన్నదేం కాదు.

ఇప్పుడు చట్టం సంగతి చెబుతాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో సవరించారు, సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. అందులో కులం పేరుతో తిట్టడం, అవమానించడం గురించి ఉన్న సెక్షన్లు చదవండి. తిడితే చాలదు. "నలుగురి కంటపడే చోట" తిట్టాలి. సుప్రీంకోర్టు 2008లో ఒక కేసులోనూ, 2020లో ఇంకో కేసులోనూ దీన్ని విడమర్చి చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే ఈ సెక్షన్ కింద నేరం కాదంది. లోపల తిట్టినా బయటివాళ్లు ఉంటే నేరమే, కానీ ఆ ఉన్నవాళ్లు బాధితుడి చుట్టాలో స్నేహితులో మాత్రమే అయితే సరిపోదంది.

దీని అర్థం గ్రహించారా? మన కేసు మన చేతుల్లో లేదు. చూసినవాడి చేతుల్లో ఉంది. వాడికి తెలిసినా తెలియకపోయినా చట్టం వాణ్ణి పట్టుకొచ్చి కేసు నడిమధ్య కూచోబెట్టింది. వాడు "చూశాను" అంటే నేరం. "చూడలేదు" అంటే అసలు తిట్టే లేదు.

మరి డీఎస్పీ విచారణకొచ్చిన రోజున ఏం జరుగుతుంది? ఈ చట్టం కింద దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. అదంతా సరే. ఆయన జీపు దిగగానే ఊళ్లో కళ్లున్నవాడు ఒక్కడు కూడా దొరకడు. ఒకడు ఆ టైముకి చేనుకి నీళ్లు పెడుతున్నాడు. ఇంకొకడు గేదె తాడు తెంచుకుంటే దాని వెంట పరిగెత్తాడు. టీ బడ్డీ వాడు స్టవ్‌లో కిరసనాయిలు పోస్తూ అటు తిరిగున్నాడు. సంవత్సరమంతా ఎవరి కోడి ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందో చెప్పగలిగే ఊరు ఆ ఒక్క అరగంటా గుడ్డిదైపోతుంది. కోర్టులో మళ్లీ ఇదే కథ. స్టేషన్లో చెప్పినవాడు బోనెక్కి "నాకేం తెలీదు, పోలీసులు రాసుకున్నారు" అంటాడు. కేసు కొట్టేస్తారు. మర్నాడు పేపర్లో ఏమొస్తుంది? "తప్పుడు కేసు" అని వస్తుంది. ముందు సాక్షిని మాయం చేస్తారు, తర్వాత సాక్ష్యం లేదు కాబట్టి చట్టం దుర్వినియోగమైంది అంటారు.

2018 మార్చిలో ఆ మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముందస్తు విచారణ జరగాలి, అరెస్టుకి అనుమతి కావాలి అంటూ ఒక తీర్పొచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్ల మీదికొస్తే తప్ప కదలని పార్లమెంటు ఆగస్టులో 18ఏ సెక్షన్ తెచ్చింది. ఎఫ్ఐఆర్‌కి ముందస్తు విచారణ అక్కర్లేదు, అరెస్టుకి పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ ఎఫ్ఐఆర్ ఎంత తేలిగ్గా రాసినా, చెప్పే నోరు లేకపోతే ఏం లాభం?

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6. అర్ధరాత్రి కాదు, పట్టపగలు. ఎనిమిదిమంది దళితుల్ని పొలాల్లో వెంటాడి నరికారు. గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పోలీసులు ఆ ఊళ్లోనే ఉన్నారు. గొడవ మొదలైంది సినిమాహాల్లో కాలు తగిలిందని! బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఇరవై ఒక్కమందికి యావజ్జీవం, ముప్పై అయిదుగురికి ఏడాది చొప్పున శిక్ష పడింది. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

న్యాయమూర్తులు ఏ కారణం రాశారో వకీళ్లు చెబుతారు, నేను దాంట్లోకి పోను. నాదొకటే ప్రశ్న. పట్టపగలు అంత వెంటాట జరిగితే ఆ సాక్ష్యం బరువంతా దళితవాడే ఎందుకు మొయ్యాలి? మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి, కొడుకుని పోగొట్టుకున్న తల్లి బోనెక్కి ఏ టైముకి, ఏ గట్టు మీద, ఎవరి చేతిలో ఏ ఆయుధం అని జవాబు చెప్పాలి. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తేవాడికి ఆయుధాల జాబితా ఎలా గుర్తుంటుంది? అది తాపీగా నిలబడి చూసినవాడికి గుర్తుంటుంది. వాడు నోరిప్పడు.

ఇంకోపక్క కారంచేడుని చూడండి. 1985 జూలై 17 అందరికీ తెలుసు, ఆరుగుర్ని చంపిన రోజు. దానికి ముందురోజు సాయంత్రం చెరువు దగ్గర జరిగింది మళ్లీ చెప్పుకోవాలి. మాదిగపల్లె తాగే నీళ్ల దగ్గర ఆసాముల కుర్రాళ్లు గేదెల్ని కడుగుతున్నారు. ఒక అవిటి పిల్లాడు అదేమిటని అడిగాడు. వాడి మీదికొచ్చారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. ఆమె మీదికీ చర్నాకోల లేస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది.

ఆమె బిందె ఎత్తడాన్ని మనం ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అంతకుముందు క్షణం సంగతి ఆలోచించండి. ఆ క్షణాన ఆమె మనం మాట్లాడుకుంటున్న మూడో మనిషి. చూస్తున్న మనిషి. గొడవ ఆమెది కాదు. బిందె నింపుకుని ఇంటికెళ్లిపోవచ్చు. చదువు, పదవి, పలుకుబడి ఉన్నవాళ్లు "పరిస్థితులు అనుకూలించలేదు" అంటారు. సువార్తకి ఏ పరిస్థితి అనుకూలించింది? పక్కవాడి మీదికి దెబ్బ వస్తుంటే అడ్డుపడ్డం ఎలాగో ఈ రాష్ట్రానికి చెప్పింది ఒక మాదిగ ఆడమనిషి. దీనికోసం మనం వేరే దేశాల పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు.

కొట్టడం, చంపడం గురించే చెబుతున్నాను. రక్తం కారని దాడి ఇంకోటుంది, వెలి. అది పూర్తిగా చూసేవాళ్ల మీదే నడుస్తుంది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో దళితులు అడిగిందేమిటి? మిగతా నాయకుల విగ్రహాల పక్కన అంబేడ్కర్ విగ్రహం ఉండాలన్నారు. పెట్టిన విగ్రహాన్ని అక్కణ్ణించి తీసేశారు. అదేమని అడిగితే వెలివేశారు. పొలం పనులకి పిలవలేదు, కొట్లలో సరుకులివ్వలేదు. ఒక్కమాటు ఆలోచించండి, వెలి వెయ్యాలంటే ఎవరెవరు కావాలి? పెద్దమనుషులు నలుగురు చెట్టు కింద కూచుని తీర్మానం చేస్తారు, వాళ్ల పని అక్కడితో సరి. తర్వాత దాన్ని అమలు చేసేది కిరాణాకొట్టు మనిషి, పాలు పోసే ఆమె, ఆటో తోలే కుర్రాడు, నాట్లకి జట్టు కట్టే మేస్త్రీ. వీళ్లలో ఎవరికీ దళితుల మీద సొంతంగా కక్ష లేదు. అయినా వీళ్ల చేతుల్లేకుండా వెలి ఒక్కపూట నిలవదు.

అందుకే వెలి వేసేటప్పుడు పెత్తందార్లు ఒక జాగ్రత్త పడతారు. "వాళ్లతో మాట్లాడినవాడికి జరిమానా" అని చాటింపు వేయిస్తారు. ఆ జరిమానా మనకి కాదు, గమనించారా? చూసేవాడికి. పెత్తందారుకి తెలుసు, ఈ గోడలో వదులుగా ఉన్న ఇటుక ఏదో. మనకే తెలియట్లేదు. 2016 నుంచి సామాజిక బహిష్కారం విధించడం, బెదిరించడం ఆ చట్టం కింద నేరమే. కిరాణాకొట్టు మనిషి "అయ్యా, నేను సరుకివ్వకపోతే కేసు నా మీదికే వస్తుందంటున్నారు, నన్నొదిలెయ్యండి" అని పెద్దమనుషులకి చెప్పుకోడానికైనా ఆ సెక్షన్ పనికొస్తుంది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. మంచితనం చాలనిచోట సాకు పనిచేస్తుంది. సరుకు ఇంటికి రావడం ముఖ్యం.

ఊళ్లే ఇలా ఉన్నాయి, పట్నంలో కులం లేదనే మిత్రులున్నారు. 2022 మే 4 రాత్రి హైదరాబాద్ సరూర్‌నగర్ నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి చంపారు. ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. చంపింది ఆ అమ్మాయి అన్న. ఆ రోడ్డు మీద జనం లేరా? బోలెడంతమంది ఉన్నారు. ఆ అమ్మాయి కాళ్లావేళ్లా పడ్డా ఎవరూ రాలేదని తర్వాత ఆమే పత్రికలవాళ్లకి చెప్పింది. జనం సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు. కత్తి పట్టుకున్నవాడికి ఎదురెళ్లమని నేను ఎవర్నీ అనను. అందరూ సువార్తలు కారు. కానీ వందమంది కలిసి అరవొచ్చు. హారన్లు మోగించొచ్చు. తలా ఒక రాయి తీసుకోవచ్చు. ఫోనులో బొమ్మ తియ్యడం తప్పని కూడా అనను, అది రేపు కోర్టులో సాక్ష్యం అవుతుంది. అయితే ఆ బొమ్మ పోలీసుకి చేరాలి, తీసినవాడు "నేనే తీశాను" అని సంతకం పెట్టాలి. చుట్టాలకి పంపుకుని ఊరుకుంటే అది సాక్ష్యం కాదు, తమాషా.

ఇక మంచివాళ్ల సంగతి. నాకు దుర్మార్గుల కంటే మంచివాళ్ల గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఇక్కడ కూచున్నవాళ్లంతా మంచివాళ్లే కాబట్టి. 1917లో బాబాసాహెబ్ అమెరికాలో, లండన్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికొచ్చారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున పార్సీలు కర్రలు పట్టుకొచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఆయనకి ఆ ఊళ్లో ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు హిందువు, ఒకరు బ్రాహ్మణ కులం నుంచి మతం మారిన క్రైస్తవుడు. ఇద్దరి దగ్గరికీ వెళ్లారు. మొదటాయన చాలా బాధపడ్డాడు, కానీ నువ్వు మా ఇంటికొస్తే పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. రెండో ఆయన నా భార్యనడిగి చెబుతానన్నాడు. ఆమె పాత ఆచారాలు వదల్లేదని బాబాసాహెబ్‌కి తెలుసు, ఆ జవాబుకి అర్థమేమిటో కూడా తెలుసు. రైలు టైము దాకా పార్కులో కూచుని బొంబాయి వెళ్లిపోయారు.

కర్రలు పట్టుకొచ్చిన డజనుమంది పేర్లు ఆయనకి తెలియవు. ఈ ఇద్దరి జవాబులు మాత్రం ఏళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకుని రాశారు. ఎందుకంటే వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒకాయన తప్పు పనివాళ్ల మీదికి నెట్టాడు, ఇంకొకాయన పెళ్లాం మీదికి నెట్టాడు. ఈనాటికీ అద్దె ఇల్లు అడిగితే ఇదే జవాబు. "మాకేం పట్టింపు లేదండీ, పైవాటాలో మామగారున్నారు, ఆయన పాతకాలం మనిషి."

పదేళ్ల తర్వాత, 1927లో మహద్. చవదార్ చెరువు అందరిదీ అని ప్రకటించిన మునిసిపాలిటీకి పెద్ద సురేంద్రనాథ్ టిప్నిస్, అగ్రకులస్తుడు. డిసెంబరు 25న మనుస్మృతిని తగలెయ్యాలని తీర్మానం పెట్టిన గంగాధర్ నీలకంఠ సహస్రబుద్ధే బ్రాహ్మణుడు. ఆ రెండో సభకి ఊళ్లో ఎవరూ స్థలం ఇవ్వకపోతే ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. మార్చిలో మన జనాన్ని ఊరు వెంటపడి కొడుతుంటే తలుపులు తీసి లోపలికి రానిచ్చినవి ముస్లింల ఇళ్లే. వీళ్లెవరూ మనకి నాయకులు కాలేదు, అవ్వాలనీ చూడలేదు. స్థలం ఉన్నవాడు స్థలమిచ్చాడు. తలుపున్నవాడు తలుపు తీశాడు. పదవున్నవాడు ఆ పదవిని వాడాడు. బరోడా స్నేహితుల దగ్గర కూడా ఇల్లుంది, తలుపుంది.

ఈ తేడా దళితేతర మిత్రులు బాగా పట్టుకోవాలి. మీనించి మేం ప్రసంగాలు కోరట్లేదు. మా బాధ మాకంటే బాగా చెప్పగల మేధావులు ఈ రాష్ట్రంలో ఎక్కువైపోయారు. మా తరఫున మైకు పట్టుకోవద్దు. మీ కులం బజార్లో, మీ బంధువుల పెళ్లిళ్లలో, మీ స్టాఫ్‌రూములో మేం ఉండం. అక్కడ నోరు విప్పడం మీ పని. "వీడు రిజర్వేషన్ క్యాండిడేట్‌లే" అని ఒకడు నవ్వితే మిగతావాళ్లంతా నవ్వడం వల్ల అది జోకు అవుతోంది. నలుగురిలో ఇద్దరు నవ్వకుండా ఊరుకుంటే ఆ జోకు అక్కడే చచ్చిపోతుంది. ఒక్కడు "ఏం మాట అది?" అంటే వాడు రెండోసారి అనడానికి జంకుతాడు.

మాస్టార్లకి ప్రత్యేకంగా ఒక మాట. మధ్యాహ్న భోజనం వండేది దళిత మహిళ అని పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఆరోజు హెడ్మాస్టరు ఎంఈవోకి కాయితం రాయడం కంటే ముందు చెయ్యాల్సిన పనొకటుంది. కంచం తీసుకుని పిల్లల మధ్య కూచుని, ఆమె చేత వడ్డించుకుని తినాలి. అరగంట పని. అలాగే టీ బడ్డీ. రెండు గ్లాసుల పద్ధతి పోయిందంటారు, చాలాచోట్ల అది పేపరు గ్లాసు రూపంలో బతికే ఉంది. మనవాడికి పేపరు గ్లాసు, వాళ్లకి గాజు గ్లాసు. మనవాడు అడిగితే గొడవ, కేసు. అదే ఆ ఊరి బీసీ కుర్రాడు "నాకూ పేపరు గ్లాసులోనే పొయ్యి, లేదా ఆయనకీ గాజు గ్లాసులో పొయ్యి" అంటే బడ్డీవాడికి దిక్కుతోచదు. ఎవర్ని కొడతారు అప్పుడు?

యూనివర్సిటీలు కూడా వేరేం కాదు. హైదరాబాద్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టలు నుంచి గెంటేస్తే వాళ్లు ఆరుబయట "వెలివాడ" అని పేరు పెట్టుకుని పడుకున్నారు. అంబేడ్కర్ ఫోటో చేత పట్టుకుని సామాన్లతో బయటికి నడిచిన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకి లేకుండా పోయాడు. పోయాక దేశమంతా కదిలింది. అది గొప్ప విషయమే. కానీ చలికాలం రాత్రుళ్లు వాళ్లు బయట పడుకున్నప్పుడు ఆ దారినే క్లాసులకెళ్లిన పెద్దపెద్ద ప్రొఫెసర్లు ఎంతమంది ఆగి పలకరించారు? మనిషి పోయాక చేసే ఊరేగింపు కంటే మనిషి ఉండగా పక్కన వేసే చాప పెద్దది.

ఇప్పటిదాకా చప్పట్లు కొట్టిన మనవాళ్లు ఈ మాట కూడా వినండి. వాడలో మనమూ చూసేవాళ్లమే. మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయిన కార్మికుడి శవం ఆస్పత్రిలో ఉంటే ఎన్ని దళిత సంఘాలు అక్కడికెళుతున్నాయి? మనుషుల చేత పాకీపని చేయించకూడదని 2013లో చట్టమొచ్చింది. ఆ చట్టం అమలు గురించి రెల్లి కుర్రాళ్లు ఒంటరిగా కలెక్టరాఫీసు మెట్లెక్కుతుంటే మాల, మాదిగ సంఘాలం చూస్తున్నాం. 1994లో మాదిగ దండోరా మోగినప్పటి నుంచి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందనే దాకా ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లలో అన్నదమ్ముల వాటా న్యాయమా కాదా అని విడిగా అడిగితే న్యాయమేనని ఒప్పుకున్న మాల మేధావులు నాకు చాలామంది తెలుసు. సభలో అడిగితే మౌనం. ఇంట్లో "పాపం", బజార్లో మౌనం అని ఇందాక ఎవరి గురించి అన్నాను? కారంచేడులో చనిపోయింది మాదిగలు, చుండూరులో ఎక్కువమంది మాలలు. ఆ రెండుచోట్లా మనం ఒకే శిబిరంలో కూచున్నాం. అది మర్చిపోతే ఎలా?

ఇంకా దగ్గరికి రండి. పక్కింట్లో మనవాడే తాగొచ్చి పెళ్లాన్ని కొడుతుంటాడు. "వాళ్ల మొగుడూపెళ్లాల గొడవ మనకెందుకు" అని మన సంఘం నాయకుడే తలుపేసుకుంటాడు. "వాళ్ల కులాల గొడవ మనకెందుకు" అని కిరాణాకొట్టువాడు అంటే మాత్రం మనకి కోపమొస్తుంది. ఆ చెల్లెమ్మ ఎవరి కోసం కేకెయ్యాలి?

భయం సంగతి కూడా మాట్లాడాలి. ఇందాక టీ దగ్గర ఒక యాదవ తమ్ముడు అన్నాడు: "అన్నా, నేను సాక్ష్యం చెబితే మా నాయన కౌలు పొలం పోతుంది." ఆ మాట నిజం. ఆ తమ్ముణ్ణి పిరికివాడనే హక్కు నాకు లేదు. మనల్ని కొట్టే చెయ్యే వాళ్లకి అన్నం పెట్టే చెయ్యి. అందుకని సాక్ష్యాన్ని ఒంటరివాడి వీరత్వంగా చూడొద్దంటున్నాను. ఒక్కడు చెబితే వాడి కౌలు పోతుంది. ఆరుగురు చెబితే ఆరుగురి కౌలు ఒక్క సంవత్సరంలో లాగేసుకుని ఆ ఆసామి ఎవరికిస్తాడు? ఆరు కులాల నుంచి ఆరుగురు సంతకం పెట్టిన రోజున ఎస్సై కలం పట్టుకునే తీరే మారిపోతుంది. చట్టంలో 15ఏ అనే సెక్షన్ ఉంది, అది బాధితులకే కాదు, సాక్షులకి కూడా. రక్షణ, కోర్టుకి రాకపోకల ఖర్చులు, అవసరమైతే వేరేచోట నివాసం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఇస్తున్నారా అంటే, అడిగితే తప్ప ఇవ్వరు. అడగడానికి మన సంఘాలున్నాయి. ఉద్యోగం చేసే అధికారి చెయ్యాల్సింది చెయ్యకుండా కూచుంటే నాలుగో సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. అంటే చూస్తూ ఊరుకున్న పోలీసుకి చట్టం ఎప్పుడో శిక్ష రాసిపెట్టింది. ఆ సెక్షన్ ఎంతమంది మీద పెట్టించాం అనేది మన సంఘాలు వేసుకోవాల్సిన ప్రశ్న.

ఒక్కడివే ఉన్నప్పుడు ఏం చెయ్యాలని ఒక చెల్లెమ్మ చీటీ పంపింది. మొదటిది, అక్కణ్ణించి కదలొద్దు. నువ్వు నిలబడి చూస్తున్నావని కొట్టేవాడికి తెలిస్తే చెయ్యి కొంత తగ్గుతుంది. గట్టిగా పేరు పెట్టి పిలువు, "ఒరేయ్" అని కాదు, పేరుతో. పేరు వినబడితే మనిషికి ఊరు గుర్తొస్తుంది, పోలీసు స్టేషను గుర్తొస్తుంది. పక్కనున్న నలుగురిలో ఒకర్ని వేలు చూపించి "నువ్వు 112కి ఫోన్ చెయ్యి" అను. "ఎవరైనా చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. అత్యాచారాల మీద ఫిర్యాదుకి 14566 అని ఒక నంబరుంది, 2021 నుంచి నడుస్తోంది, రాసుకో. దెబ్బలు తిన్న మనిషిని ముందు అడుగు, "ఆస్పత్రికెళదామా, స్టేషన్‌కెళదామా, ఇంటికెళదామా" అని. నీ అంతట నువ్వు నిర్ణయించకు, కేసు నడుస్తున్నన్నాళ్లూ దాని బరువు మోసేది వాళ్లు. ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒక కాయితం మీద టైము, చోటు, అన్న మాటలు అన్నట్టుగా, ఎవరెవరున్నారో రాసి తేదీ వేసి పెట్టుకో. రెండేళ్ల తర్వాత కోర్టులో ప్లీడరు నిన్ను తికమక పెట్టేటప్పుడు అదే నీకు దన్ను.

రేపు పొద్దున మన పక్కూరి కుటుంబం రిపోర్టు ఇవ్వడానికి మండలం వస్తోంది. తండ్రీ, కూతురూ ఇద్దరే. మీలో దళితేతరులు ఇద్దరు ముగ్గురైనా వెంట నడిస్తే బాగుంటుంది. పదింటికల్లా బస్టాండ్ దగ్గరికి రండి. స్టేషన్ ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఆగిపోకుండా లోపలిదాకా రండి, బల్ల మీద వాళ్ల పక్కన కూచోండి.

జై భీమ్.